ఆ క్యాసెట్టు ఎవరి సొత్తు?

(హనుమకొండలో ఒక గ్రంథాలయ సభలో స్థానిక న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో శ్రోతలు అడిగిన ప్రశ్నలు, వాటికి ఆయన ఇచ్చిన జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి పెట్టుకుంటాను.

"కాపీరైట్ మీద మాట్లాడండి సార్" అన్నారు నిర్వాహకులు. నేను రోజూ చూసేవి భూమి తగాదాలు, పంపకాల దావాలు, చెక్ బౌన్స్ కేసులు. కాపీరైట్ కేసు మన కోర్టు గుమ్మం తొక్కడం అరుదే. అయినా ఒప్పుకున్నాను, విషయం నేనే ఎంచుకుంటానన్న షరతు మీద. సినిమా పైరసీ అంటే అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పాలి. అందుకని పాత వీడియో గేములు పట్టుకున్నాను. ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి ఇది అనుభవంలో ఉండే ఉంటుంది. పాత గేము ఒకటి దింపుకుందామని అలవాటైన సైటుకు వెళ్తారు. గేము పేరుంటుంది, బొమ్మ ఉంటుంది, డౌన్‌లోడ్ బటన్ ఉండాల్సిన చోట "హక్కుదారులు కోరినందున తీసేశాం" అని ఒక్క ముక్క ఉంటుంది. ఒక్కోసారి సైటే మాయమైపోతుంది. ముప్పై నలభై ఏళ్ల నాటి గేము, ఏ షాపులోనూ దొరకదు, అమ్మేవాడు లేడు. మరి కంపెనీకి ఏం నొప్పి?

ముందు వస్తువు చూద్దాం. ఇదిగో, పసుపు ప్లాస్టిక్ క్యాసెట్టు. మా తరం వాళ్లకు చూడగానే గుర్తొస్తుంది. పైన స్టిక్కరు మీద "9999 ఇన్ 1" అని ఉంది. లోపల నిజంగా ఉన్నవి పది లోపే. కాంట్రా, మారియో, ట్యాంకులాట, బాతుల్ని కాల్చేది, వాటినే పేర్లు మార్చి, స్టేజీలు మార్చి తొమ్మిదివేల సార్లు తిప్పుతుంది. స్క్రూ కూడా లేదు, పక్కన గోరు పెట్టి ఒత్తితే రెండు ముక్కలవుతుంది. ముందు వరుస వాళ్లు అటు తిప్పి చూసి వెనక్కి పంపండి. ఆకుపచ్చ బోర్డు, కింది అంచున ముందు 30, వెనక 30 పిన్నులు. మనం నోటితో గాలి ఊదింది ఇక్కడే. బోర్డు మధ్యలో నల్లగా గట్టిపడిన బొట్టు ఉంది చూశారా? చిప్పు దాని కిందే ఉంది. గేము మొత్తం అందులోనే ఉంటుంది. చిన్న రీడరు ఒకటి పెట్టి ఆ చిప్పులో ఉన్నదంతా చదివి కంప్యూటర్లో ఫైలుగా దాచితే దాన్నే రోమ్ అంటారు. ఆ ఫైలును నడపడానికి పాత యంత్రంలా పనిచేసే సాఫ్ట్‌వేరు ఎమ్యులేటర్. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ రోమ్ 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే పెద్దది.

ఇంకో మాట. ఈ క్యాసెట్టే దొంగ సరుకు. మారియోను తయారుచేసిన జపాన్ కంపెనీ నింటెండో 1983లో తన దేశంలో ఫ్యామికామ్ అనే యంత్రం తెచ్చింది. మన గల్లీల్లో టీవీ వెనక తగిలించి ఆడినవి దాదాపు అన్నీ దానికి తైవాన్, చైనాల్లో తయారైన నకళ్లే. అంటే వరంగల్లో ఒక తరం మొత్తానికి మారియో పరిచయమైందే పైరసీ దారిలో. ఇది చెప్పి ఎవర్నీ సిగ్గుపడమనడం లేదు. అసలు సరుకు మన దాకా వచ్చిందెప్పుడు? నింటెండోదే స్విచ్ అనే కొత్త యంత్రం మీద కోట్లమంది ఆడారు, దాన్ని కూడా కంపెనీ మన దేశంలో అధికారికంగా విడుదల చెయ్యలేదు. కావాలంటే గ్రే మార్కెట్లో ఎక్కువ పెట్టి కొనుక్కోవాలి.

ఇప్పుడు కేసుల్లోకి వద్దాం. 2018 జులైలో నింటెండో అమెరికాలోని అరిజోనా ఫెడరల్ కోర్టులో రెండు సైట్ల మీద దావా వేసింది, లవ్‌రోమ్స్, లవ్‌రెట్రో. రెండూ నడిపేది ఒకే కుటుంబం. నవంబరుకల్లా రాజీ కుదిరింది. ఒప్పుకున్న డిక్రీ మొత్తం ఒక కోటీ 22 లక్షల డాలర్లు, ఆనాటి లెక్కలో మన డబ్బు దాదాపు 88 కోట్లు. ఒక కుటుంబం దగ్గర అంత వసూలవుతుందని ఆ డిక్రీ రాసిన లాయర్లు కూడా నమ్మి ఉండరు. నా ఉద్దేశంలో ఆ అంకె వేసింది వసూలు కోసం కాదు, పక్క సైటు వాడు చదవడం కోసం.

చదివారు కూడా. ఆ ఆగస్టులోనే ఎమ్యుప్యారడైజ్ చేతులెత్తేసింది. 2000 నుంచి నడుస్తున్న సైటు, ఈ రంగంలో పెద్దన్న. దాని మీద దావా పడకముందే రోమ్‌లు ఇవ్వడం ఆపేశామని ప్రకటించేసింది. తర్వాత 2019లో రోమ్‌యూనివర్స్ మీద కేసు. ఆ సైటు యజమాని లాయరును పెట్టుకోకుండా తానే వాదించుకున్నాడు. నా వృత్తి మీద ప్రేమతో అంటున్నానని అనుకోకండి గానీ, అది మంచి ఆలోచన కాదు. 2021 మేలో 21 లక్షల డాలర్ల తీర్పు వచ్చింది. ఆ లెక్క కూడా చూడండి: 49 గేములకు ఒక్కోదానికి 35,000 డాలర్లు, ట్రేడ్‌మార్కులకు ఇంకో నాలుగు లక్షలు. అమెరికా చట్టంలో నష్టం ఎంత జరిగిందో రుజువు చెయ్యక్కర్లేదు. ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 దాకా, తెలిసి చేస్తే లక్షా యాభైవేల దాకా కోర్టు వెయ్యొచ్చు. ఇది ట్రేడ్‌మార్కు లెక్కతో సంబంధం లేకుండా, ఒక్క కాపీరైట్ కిందే. వందల గేములు పెట్టిన సైటు ఆ గుణకారం చేసుకుని చూస్తే చాలు, కాళ్లు వణుకుతాయి.

అసలు చాలా సైట్లు కోర్టు దాకా పోవు. నోటీసు సైటు యజమానికే రావాలని లేదు. సర్వరు అద్దెకిచ్చినవాడికి వస్తుంది, డొమైన్ అమ్మినవాడికి వస్తుంది, గూగుల్‌కు వస్తుంది, డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీకి వస్తుంది. 1998 నాటి అమెరికా చట్టం ఒకటుంది, డీఎంసీఏ. నోటీసు అందగానే తీసేస్తే సర్వరువాడికి బాధ్యత లేదు, తియ్యకపోతే కేసులో వాడూ ముద్దాయే. వాడు ఎవరివైపు ఉంటాడో మీరే చెప్పండి. మన దగ్గరా ఇలాంటిదే ఉంది. 2013 కాపీరైట్ నియమాల్లో 75వది చూడండి. ఫిర్యాదు సరిగ్గా అందిన 36 గంటల్లో ఆ లింకు ఆపాలి. 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు. ఆ 21 రోజుల గడువు మాత్రం మన చట్టం చేసిన మంచి పని, ఊరికే నోటీసు పడేసి పోయేవాడికి అది కళ్లెం.

ఇక అసలు ప్రశ్న. అమ్మని సరుకుకు ఇంత లొల్లి ఎందుకు? "నష్టం ఏముంది, వాళ్లు అమ్మట్లేదుగా" అని కుర్రాళ్లు వాదిస్తారు. తేదీలు పక్కపక్కన పెట్టండి. 2016 నవంబరులో నింటెండో పాత గేములు 30 నింపి అరచేతిలో పట్టే చిన్న యంత్రం అమ్మింది, ధర 60 డాలర్లు. ఆరు నెలలు తిరక్కుండానే ఇరవై లక్షలకు పైగా పోయాయి. అంతకుముందు 2006 నుంచే వీ అనే తన యంత్రం మీద పాత గేముల్ని ఒక్కోటీ విడిగా అమ్ముతూ వచ్చింది. 2018 సెప్టెంబరులో స్విచ్ ఆన్‌లైన్ మొదలైంది. ఏడాదికి 20 డాలర్లు కట్టండి, పాత గేములు ఆడుకోండి. దావా జులై, ఎమ్యుప్యారడైజ్ మూత ఆగస్టు, కొత్త కిరాయి పథకం సెప్టెంబరు. ఇది ఒక్కటే కారణమని నేననను, దావాలు అంతకుముందూ ఉన్నాయి. కానీ కిరాయికిచ్చే ముందు గది ఖాళీ చేయించడం ఏ యజమానైనా చేసే పనే. అమ్మకాల పుస్తకంలో సున్నాగా ఉన్న సరుకు మళ్లీ పంట పండుతుందని తెలిసిన రోజు నుంచి, ఉచితంగా ఇచ్చేవాడు పోటీదారుడైపోయాడు.

రెండో కారణం సైట్లే తెచ్చిపెట్టుకున్నది. "మేం చరిత్రను కాపాడుతున్నాం" అని పైన రాసుకుంటారు. కింద చూస్తే బటన్లు ఆరు, అందులో అయిదు యాడ్లు. తప్పుది నొక్కితే లేని వైరస్ పట్టుకున్నామని సైరన్ మోగుతుంది. రోమ్‌యూనివర్స్ ఏడాదికి 30 డాలర్లు తీసుకుని వేగంగా దింపుకునే సౌకర్యం ఇచ్చింది. లవ్‌రోమ్స్‌కు నెలకు కోటీ 70 లక్షల మంది వస్తున్నారని నింటెండో తన దావాలో రాసింది. వేరేవాడి మారియో బొమ్మను పైన పెట్టుకుని అంతమందికి యాడ్లు చూపిస్తే కోర్టులో ఏ వాదన నిలబడుతుంది? ఇక్కడ నేను కంపెనీ వైపే. ఈ సైట్లు మూతపడితే నాకు పెద్ద బాధ లేదు.

చాలామంది చెప్పే ఒక మాట మాత్రం తప్పు. "కేసు వెయ్యకపోతే కంపెనీ కాపీరైట్ పోతుంది, అందుకే తప్పక వేస్తారు" అంటారు. మా భూమి కేసులతో పోల్చి చెప్తాను. మీ పొలాన్ని ఇంకొకడు అందరికీ తెలిసేలా పన్నెండేళ్లు దున్నుకుంటుంటే మీరు ఊరుకున్నారనుకోండి, మీ పట్టా మీ బీరువాలోనే ఉన్నా, దావా వేసే హక్కు చేజారిపోవచ్చు. కాపీరైట్‌కు ఆ భయం లేదు. ఇరవై ఏళ్లు పట్టించుకోకుండా ఉండి ఇరవై ఒకటో ఏట నోటీసు ఇవ్వొచ్చు, పాత నష్టాలకు కాలపరిమితి ఉంటుంది గానీ హక్కు మాత్రం చెక్కుచెదరదు. ట్రేడ్‌మార్కు వేరు. పేరు, బొమ్మ, లోగో అందరూ వాడుతుంటే చూస్తూ కూర్చుంటే దాని బలం తగ్గుతుంది. అందుకే ఈ దావాల్లో కాపీరైట్ పక్కన ట్రేడ్‌మార్కు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి కేసు వెయ్యడం కంపెనీకి తప్పనిసరి కాదు, తాను ఎంచుకున్న దారి. ఎంత కాలం ఎంచుకోవచ్చో కూడా వినండి. అమెరికాలో కంపెనీ పేరుమీద ఉన్న కృతికి ప్రచురణ నుంచి 95 ఏళ్లు. మొదటి మారియో 2080 చివరిదాకా కంపెనీదే. ఇక్కడున్న పాలిటెక్నిక్ పిల్లలు అప్పటికి ముత్తాతలు.

ఇప్పుడు మీ తరం గేముకు వద్దాం, వైస్ సిటీ. కిషన్‌పురలో, చౌరస్తాలో నెట్ సెంటర్ నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే మీకే తెలుసు, గంటకు ఇంతని కట్టి రైల్వే రిజర్వేషన్ కోసం ఒకడొస్తే, పది మంది వైస్ సిటీ కోసం, ఐజీఐ కోసం వచ్చేవాళ్లు. అందులో కారెక్కితే రేడియో మోగుతుంది. అవి నిజమైన ఇంగ్లిష్ పాటలు, ఒక్కోటి ఒక్కో మ్యూజిక్ కంపెనీది, గేములో వాడుకోవడానికి ఇన్నేళ్లని ఒప్పందం. గడువు తీరాక కొన్ని పాటల్ని తర్వాతి అప్‌డేట్లలో తీసేశారు. అంటే 2002లో వచ్చిన గేము అలాగే ఇవాళ అమ్మాలంటే తయారుచేసినవాడికే హక్కు లేదు. పాత గేములు మార్కెట్లో ఎందుకుండవని అడిగేవాళ్లకు సగం జవాబు ఇదే. కంపెనీకి ఇష్టం లేక కాదు, ఒక గేములో పది మంది హక్కులు చిక్కుకుని ఉంటాయి.

మిగతా సగం జవాబు అంత అమాయకం కాదు. 2021 నవంబరులో వైస్ సిటీ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ, వైస్ సిటీతో సహా జీటీఏ వరుసలోని పాత మూడు గేములకు మెరుగులు దిద్ది కొత్త రూపంలో తెచ్చింది. దానికి ముందే పాత రూపాల్ని ఆన్‌లైన్ షాపుల్లోంచి తీసేసింది. కొత్తది విడుదలయ్యాక చూస్తే అంతా బగ్గులే. వానలో దారి కనిపించదు, మనుషుల మొహాలు వంకర. జనం మండిపడితే కంపెనీ క్షమాపణ చెప్పి, పీసీ మీద పాతవి తన షాపులో మళ్లీ పెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, అభిమానులు ఆ గేముల కోడును వెనక నుంచి విప్పి తిరగరాసి, ప్రోగ్రాముల కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులో పెడితే రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ డీఎంసీఏ నోటీసుతో తీయించింది, సెప్టెంబరులో దావా కూడా వేసింది. కొత్తది అమ్మాలంటే పాతది కనపడకూడదు. నెట్ సెంటర్ యజమాని కూడా అర్థం చేసుకునే వ్యాపారమే ఇది, కాకపోతే కొన్నవాడికి కోపం రావడం కూడా న్యాయమే.

ఇంకా విచిత్రమైనవి అసలు యజమాని ఎవరో తేలనివి. 2000లో వచ్చిన నో వన్ లివ్స్ ఫరెవర్ అనే గేము ఉంది. కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కుని, విలీనమై, చివరికి ఆ హక్కు ఎవరి అల్మారాలో ఉందో ఆ కంపెనీలకే తెలియకుండా పోయింది. నైట్ డైవ్ అనే సంస్థ 2014 ప్రాంతంలో దాన్ని చట్టబద్ధంగా మళ్లీ అమ్ముదామని అందరి తలుపులూ తట్టింది. మాదని ఎవరూ గట్టిగా అనలేదు. మీరు అమ్మితే మాత్రం ఊరుకోమన్నారు. మా కోర్టులో వారసుల కేసులు చూసినవాడికి ఇది కొత్తగా అనిపించదు.

దీని ఫలితం ఏమిటి? అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు 2023లో ఒక సర్వే చేశారు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో కొనడానికి దొరకవు. అదే ఏడాది మార్చిలో నింటెండో తన త్రీడీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ షాపుల్ని మూసేసింది. వీ షాపు 2019లోనే పోయింది. అందులో కొత్తగా కొనలేరు, కొన్నవాళ్లకు మాత్రం మళ్లీ దింపుకునే వీలు కొంత మిగిలింది. పరిశోధకులు 2024లో అమెరికా కాపీరైట్ ఆఫీసును ఒక చిన్న వెసులుబాటు అడిగారు. లైబ్రరీలో భద్రపరిచిన, మార్కెట్లో లేని గేముల్ని పరిశోధన కోసం ఇంటి నుంచే చూడనివ్వండి అని. గేము కంపెనీల సంఘం ఈఎస్ఏ అడ్డుకుంది. అక్టోబరులో కాపీరైట్ ఆఫీసు కుదరదంది. వినోదం కోసం వాడేసుకుంటారని భయమట. యాడ్ల సైటు మీద దావాకు నేను కంపెనీ వైపున్నాను, ఇక్కడ మాత్రం లేను. సైటును మూయించావు సరే, లైబ్రరీని కూడా మూయిస్తావా?

మనం ఇప్పుడు గ్రంథాలయంలోనే కూర్చున్నాం కాబట్టి మన చట్టం ఏమంటుందో చెప్తాను. హనుమకొండ ఊరికి ఈ విషయంలో పరువుంది, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది ఇక్కడే. పుస్తకం అయితే మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒక దారి ఇస్తుంది: దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని ప్రజా గ్రంథాలయం తన కోసం మూడు కాపీల దాకా చేసుకోవచ్చు. 2012 సవరణలో ఇంకోటి చేర్చారు. లైబ్రరీ దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉంటే, దాన్ని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చు. "డిజిటల్ కాని" అన్నది గమనించండి. పాత పత్రికకు పనికొస్తుంది, తాళపత్రానికి పనికొస్తుంది. గేము పుట్టుకతోనే డిజిటల్. ఆ వాక్యం దానికి సరిపోదు. మన దేశంలో 1954 నుంచి ప్రతి ప్రచురణకర్తా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పుస్తకం పంపాలన్న నియమం ఉంది, గేముకు అలాంటిది లేదు. ఫ్రాన్స్ 1992లోనే మల్టీమీడియాను ఆ లెక్కలోకి తెచ్చి, వీడియో గేముల్ని తన జాతీయ గ్రంథాలయంలో దాస్తోంది. మన కాపీరైట్ చట్టంలో 31వ సెక్షన్ ఒకటి ఉంది లెండి, ప్రచురించిన కృతిని యజమాని మళ్లీ ప్రచురించనని నిరాకరించి ప్రజలకు అందకుండా చేస్తే, లైసెన్సు ఇప్పించమని అడగొచ్చు. కాగితం మీద బాగుంది. ఒక గేము ప్రేమికుడికి జపాన్ కంపెనీ మీద ఆ దావా నడిపే డబ్బు ఎక్కడిది?

హక్కుదారుకు ఆపే అధికారం నూరేళ్లకు దగ్గరగా ఇచ్చి, దాచే బాధ్యత మాత్రం ఎవరి మీదా పెట్టలేదు. నా ఫిర్యాదు కంపెనీ మీద కన్నా ఆ ఏర్పాటు మీదే. అందుకే అసలు దాచే పని ఎక్కువగా అనుమతి లేనివాళ్లే చేశారు. వీ మీద నింటెండో అమ్మిన మారియో ఫైలును కొందరు విప్పి చూస్తే, మొదటి బైట్లలో అభిమానుల ఎమ్యులేటర్ కోసం పుట్టిన గుర్తు కనిపించింది. కంపెనీ నెట్‌లోంచే దింపుకుని మనకే అమ్మిందని ఎగతాళి చేశారు. అది రుజువు కాలేదు, ఆ పద్ధతిలో ఫైలును వాళ్లే తయారుచేసుకుని ఉండొచ్చు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా సంగతి ఇంకా బాగుంటుంది. 1989 నాటి గేము. దాన్ని రాసిన జోర్డాన్ మెక్నర్ దగ్గరే సోర్స్ కోడు పోయింది. 2012లో ఆయన తండ్రి ఇంట్లో ఒక పెట్టె సర్దుతుంటే పాత ఫ్లాపీలు దొరికాయి. జాగ్రత్తగా చదివించి, కోడును గిట్‌హబ్‌లో అందరికీ పెట్టేశాడు. ఆ తండ్రి చెత్తబుట్టలో వేసి ఉంటే అంతే సంగతులు.

ఎమ్యులేటర్ మాటేమిటని అడుగుతారు, ముందే చెప్పేస్తాను. రోమ్ వేరు, ఎమ్యులేటర్ వేరు. ప్లేస్టేషన్ గేముల్ని కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేరు చేసిన కనెక్టిక్స్ మీద సోనీ కేసు వేస్తే 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. మన 52వ సెక్షన్ కూడా సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం తవ్వుకోనిస్తుంది. మరి యూజు అనే ఎమ్యులేటర్ ఎందుకు పడిపోయింది? అది పాత యంత్రానికి కాదు, అప్పటికి మార్కెట్లో ఉన్న స్విచ్‌కు ఎమ్యులేటర్. తాళం వేసిన గేముల్ని తాళంచెవులతో విప్పి నడుపుతుంది, తాళం పగలగొట్టడం డీఎంసీఏలో వేరే నేరం. 2023 మేలో జెల్డా కొత్త గేము విడుదలకు ముందే బయటికి పొక్కి పది లక్షల సార్లకు పైగా డౌన్‌లోడ్ అయిందని నింటెండో కోర్టులో చెప్పింది. 2024 మార్చిలో 24 లక్షల డాలర్లకు రాజీపడి యూజు మూసేశారు. ఆ అక్టోబరులో ర్యూజిన్‌క్స్ అనే ఇంకో స్విచ్ ఎమ్యులేటర్ కూడా పోయింది. ఆ ఏడాది జూన్‌లో విమ్స్ లెయిర్ అనే పాత సైటు, నింటెండో, సెగా, లెగో కంపెనీలూ ఈఎస్ఏ సంఘమూ తీసెయ్యమని కోరిన గేముల్ని తీసేసి, మిగిలినవి ఉంచుకుంది. అది ఇంకా నడుస్తోంది. తల వంచినవాడు బతికాడు.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మైకు వెనక్కి పంపండి.

ప్రశ్న: సార్, మా అన్న దుబాయ్ నుంచి తెచ్చిన ఒరిజినల్ క్యాసెట్టు మా ఇంట్లో ఉంది. అదే గేము రోమ్ నెట్‌లో దింపుకుంటే తప్పా?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. 52వ సెక్షన్ ఏమంటుందంటే, సాఫ్ట్‌వేరు ప్రతి చట్టబద్ధంగా నీ దగ్గరుంటే, ఆ ప్రతి నుంచి నువ్వు బ్యాకప్ తీసుకోవచ్చు. పాడైపోకుండా కాపాడుకోవడానికి, వాడుకోవడానికి. "ఆ ప్రతి నుంచి" అన్నారు, ఇంకొకడి ప్రతి నుంచి అనలేదు. రీడరు కొని నీ క్యాసెట్టు నుంచి నువ్వే తీసుకో. ఆలస్యం కూడా చెయ్యకు. సేవ్ చేసుకునే రకం క్యాసెట్టయితే లోపల గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే మీ అన్న ఆడిన ఆటంతా పోతుంది. తీసిన ఫైలు ఫ్రెండ్స్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. దింపుకున్నందుకు పోలీసులు ఇంటికొస్తారా అంటే, కంపెనీలు పోయేది పంచేవాళ్ల మీదకి. కానీ దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటర్లో వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు అని రాసి ఉంది. తెలిసి ఉండటం మంచిది.

ప్రశ్న: నేను స్కూల్ టీచర్‌ని సార్. పిల్లలకు పాత గేములు చూపించి కంప్యూటర్ల చరిత్ర చెప్పాలనుంది. ఏ గొడవా లేకుండా దొరికేవి ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి మేడమ్. యజమానులే ఉచితంగా వదిలినవి ఉన్నాయి. ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మొదటి రెండు, 1994 నాటి అరీనా, 1996 నాటి డాగర్‌ఫాల్, బెథెస్డా కంపెనీయే ఉచితం చేసింది. కొనాలంటే పోలండ్‌కు చెందిన గాగ్ అనే షాపుంది, 2008 నుంచి పాత పీసీ గేముల్ని కొత్త కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి, తాళాలేం లేకుండా అమ్ముతోంది. సేల్ పెట్టినప్పుడు చూస్తే టిఫిను ఖర్చుకే వస్తాయి. పెద్ద పిల్లలయితే ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోడు తెరిచి చూపించండి. మూడు వందల లైన్లు అర్థమైనా చాలు, పిల్లలు వదిలిపెట్టరు.

ప్రశ్న: మేం నలుగురం కలిసి మొబైల్ గేము చేస్తున్నాం సార్. పేరిణి నాట్యం, ఓరుగల్లు కోట పెట్టి. హైదరాబాద్ నుంచి ఒక పబ్లిషర్ అగ్రిమెంట్ పంపాడు. రేపు మా గేము కూడా ఇలాగే మాయమైపోకుండా ఏం చెయ్యాలి?

జవాబు: ఈ ప్రశ్న కోసమే వచ్చానంటే నమ్ముతారా? మొదట, మీరు నలుగురూ ఒకరికొకరు కాగితం రాసుకున్నారా? లేదా? ముందు అది చెయ్యండి. ఎవరి వాటా ఎంత, ఒకడు ఉద్యోగమొచ్చి బెంగళూరు పోతే ఏమవుతుంది, అన్నీ రాయండి. పబ్లిషర్ మిమ్మల్ని జీతానికి తీసుకుంటే 17వ సెక్షన్ ప్రకారం మీరు చేసింది కంపెనీదవుతుంది, దానికి వేరే ఒప్పందం లేకపోతే. హక్కులు రాసిచ్చేటట్టయితే 19వ సెక్షన్ చదవండి, అది మీ పక్షాన రాసింది. కాలం ఎంతో రాయకపోతే అయిదేళ్లే. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే అది రద్దయినట్టే, వేరేలా రాసుకోకపోతే. ఆ "వేరేలా రాసుకోకపోతే" అన్నచోటే పబ్లిషర్ లాయరు పనితనం ఉంటుంది. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఆయన తప్పకుండా రాసుంటాడు. దాన్ని కొట్టేసి, గేము అమ్మకం ఆపేసిన రెండేళ్లకు హక్కులు మీకే తిరిగి రావాలని రాయించండి. సోర్స్ కోడు కాపీ మీ దగ్గర కూడా ఉండాలని రాయించండి. పాటలకు, బొమ్మలకు ఎంతకాలం అనుమతి తీసుకున్నారో పక్కన వేసి పెట్టుకోండి. ఆ అగ్రిమెంటు ఫోన్లో ఉందా? ఫోన్లో చదవలేను నాన్నా, ప్రింటు తీసుకుని రేపు సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసుకు రండి. నలుగురూ రండి, ఒక్కడే వస్తే మిగతా ముగ్గురికీ నేను మళ్లీ చెప్పలేను.